మేడమ్ గారి బాబు

సుర్మా డబ్బీ ఇచ్చేది లేదని ఇక్బాలున్నీసా దాన్ని చీర కొంగున ముడేసుకుని కూర్చుంది.

మస్కట్ దార్సైట్‌లోని ఆ ఫ్లాట్‌కి సర్కారు ల్యాబ్ మనుషులు రావడం అది మూడోసారి. మొదటి రెండుసార్లు వచ్చినవాళ్లు సమోసాలు తిని, టీ తాగి, ఖాళీ చేతులతో వెళ్లారు. ఈసారి డాక్టర్ జువేనా స్వయంగా వచ్చారు. సమోసాల వంక కన్నెత్తి కూడా చూడలేదు.

కోడలు హుస్నా ఒడిలో పది నెలల తయ్యబా ఉంది. వారంలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. రక్తంలో సీసం ఉందని, సుర్మా మీదే అనుమానమని, ఇంకోసారి ఫిట్స్ వస్తే పాప దక్కడం కష్టమని ఆసుపత్రిలో చెప్పారు. అయినా ఆ పొద్దున కూడా పాప కళ్లకి నిండుగా సుర్మా ఉంది. దిష్టి తగిలే ఫిట్స్ వచ్చాయని నాయనమ్మ లెక్క. దిష్టికి విరుగుడు ఇంకాస్త సుర్మా.

డాక్టర్ జువేనా పుట్టింది జాంజిబార్‌లో. తండ్రిది లవంగాల వ్యాపారం. అక్కడి తిరుగుబాటులో అరబ్బుల ఇళ్లు తగలబడ్డ ఏడాది, ఇరవై ఏళ్ల వయసులో పడవెక్కి బయటపడ్డారు. కైరోలో కెమిస్ట్రీ చదివి, తాతల దేశం కదా అని మస్కట్ చేరారు. ఆమె అరబిక్‌లో ఆఫ్రికా యాస ఉందని తాతల దేశం నవ్వింది. ఆమె నవ్వలేదు. పదిహేనేళ్లలో ల్యాబ్‌కే అధికారి అయ్యారు. పాయింట్ తర్వాతి అంకెని సర్దేయడం ఆమెకి చేతకాదు. రంగు ఎక్కువైందని సొంత తమ్ముడి హల్వా దుకాణానికే తాళం వేయించారు. అప్పట్నుంచి ఆమెని విందులకి పిలవడం మానేశారు బంధువులు. హల్వా లేని విందు ఉండదు మరి.

ఆమె పక్కన ల్యాబ్ అసిస్టెంట్ నిసార్ అహ్మద్. తొమ్మిదేళ్లుగా మేడమ్ అతనితో ఇంగ్లీషులోనే మాట్లాడతారు. ఈ ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు. అందుకే నడుమ నిసార్ ఉర్దూ.

‘‘మీదే ఊరు బేటా?’’ అంది ఇక్బాలున్నీసా.

‘‘కడప, ఖాలా.’’

‘‘అరె, మాదీ కడపే! ఎవరి అల్లుడివి?’’

చెప్పాడు.

‘‘వాళ్ల వీధిలోనే మా చెల్లెలు పోయిన నెల ఇల్లు తీసుకుంది! ఉత్తరం రాస్తా, మీ ఆవిడని పలకరించి రమ్మని. పిల్లలెంతమంది?’’

‘‘ఇద్దరమ్మాయిలు.’’

‘‘అల్లా మగపిల్లాణ్ణి కూడా ఇస్తాడులే.’’

నిసార్ తలూపాడు.

‘‘పాప రక్తంలో సీసం అరవై రెండు పాయింట్ నాలుగు ఉందని చెప్పు,’’ అన్నారు మేడమ్.

చెప్పాడు.

‘‘నాలుగైతేనేం, ఐదైతేనేం! అరవై ఏళ్లుగా నా కళ్లకి పెట్టుకుంటున్నా. పోయానా? నా పిల్లలు ఎనిమిదిమందికీ పెట్టా.’’

అతను ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు.

‘‘ఆ ఎనిమిదిమందిలో ఎందరు మిగిలారో అడుగు.’’

నిసార్ గొంతు సవరించుకున్నాడు. ‘‘మీరు నూరేళ్లు చల్లగా ఉండాలంటున్నారు, ఖాలా.’’

‘‘ఉంటా. డబ్బీ మాత్రం ఇవ్వను, నక్కో అంటే నక్కో!’’

మేడమ్ పాప వైపు చూశారు. తర్వాత కాసేపు ఇంగ్లీషులో మాట్లాడారు. గొంతు పెంచలేదు. నిసార్ చివరిదాకా విని, నేల చూస్తూ మొదలుపెట్టాడు.

‘‘మేడమ్ ఏమంటున్నారంటే... నాకూ ఒక బాబు ఉండేవాడు. అప్పుడప్పుడే అడుగులేస్తున్నాడు. గోడ పట్టుకుని నడిచి, పడి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసేవాడు. చూస్తేనే ఏడ్చేవాడు. రోజూ స్నానం చేయించి కళ్లకి సుర్మా పెట్టేదాన్ని. గులాబీ నీళ్లలో నూరిన సుర్మా. నా అంత శ్రద్ధగా ఎవరూ పెట్టరని అందరూ మెచ్చుకునేవాళ్లు.’’

హుస్నా పాపని గుండెకి అదుముకుంది.

‘‘ఫిట్స్ వచ్చాయి. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించాం. దిష్టన్నారు, ఇంకొంచెం సుర్మా పెట్టాను. పోయాడు. కఫన్ బట్ట చుట్టేముందు కూడా కళ్లు బోసిగా ఉన్నాయని నేనే పెట్టి పంపాను. ఆ డబ్బీని పారేయడానికి మనసు రాక దాచుకున్నాం. చాన్నాళ్ల తర్వాత ల్యాబ్‌లో పరీక్ష చేస్తే... అదంతా సీసమే, ఖాలా.’’



ఇక్బాలున్నీసా కొంగు ముడి విప్పింది. డబ్బీని మేడమ్ చేతిలో పెట్టి, ఆ కొంగుతోనే పాప కళ్లు తుడిచింది. తర్వాత మేడమ్‌ని రెండు చేతులా పట్టుకుని భోరుమంది. ‘‘హాయ్ అల్లా, ఏ తల్లికీ వద్దమ్మా! నీ చేత్తో నువ్వే పెట్టి పంపావా!’’

ఎవరైనా తాకితే ముళ్లమీద నిలబడ్డట్టుండే మనిషి, కదలకుండా నిలబడ్డారు. ముసలావిడ వీపు మీద నెమ్మదిగా చెయ్యి కూడా వేశారు. మేడమ్ కళ్లూ తడిశాయి. ఒకరేడిస్తే పక్కవాళ్లకీ ఏడుపొస్తుందిలే అనుకున్నాడు నిసార్.

కారు మేడమే నడిపారు. దార్సైట్ దాటి రూవి మలుపు తిరిగారు. డబ్బీ ల్యాబ్ సీసాలో ఉంది. సీసా నిసార్ ఒళ్లో ఉంది.

‘‘జాంజిబార్‌లో మా వీధి నిండా మీ దేశం వాళ్ల దుకాణాలే, నిసార్,’’ అన్నారు మేడమ్ శుభ్రమైన హిందీలో.

నిసార్ చేతుల్లో సీసా జారబోయి ఆగింది.

‘‘పెళ్లే చేసుకోని నాకు ఇవాళ నీ కొడుకుని ఇచ్చావు, సరే, వాడు సుర్మా వల్లే పోయాడని వాడి తల్లికి తెలుసా?’’