గుమ్మంలో ఎర్రపిల్లి

"అమ్మా, ఒక్క డబ్బా తీసి ముందుగదిలో పెట్టండి."

పిల్లులు దొడ్డికి వెళ్లే లిట్టర్ ఇసుక బస్తా దించి, చెమట తుడుచుకుంటూ అన్నాడు షాపు నుంచి వచ్చినతను.

పిల్లులమ్మ కుట్టుమిషన్ ఆపింది. ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఇంట్లో ఐదు పిల్లులు, వెనక స్నానాలగదిలో వరసగా ఐదు లిట్టర్ డబ్బాలు, ముక్కు మీద కోపం. ఆవిడ గురించి వీధికి తెలిసింది అంతే.

"ఎందుకయ్యా?"

"వరసగా ఎన్ని పెట్టినా పిల్లికి అదంతా ఒకటే చోటమ్మా. మీ ఎర్రపిల్లి ఆ గుమ్మంలోనే తిష్ఠ వేస్తోంది. బూడిదరంగుది లోపలికెలా వెళ్తుంది?"

"ఓహో! అంటే ఇంకో డబ్బా, దానికింకో బస్తా. మీ షాపాయన బాగానే నేర్పి పంపాడు."

"కొత్తది కొనక్కర్లేదమ్మా. ఉన్నదే జరపండి."

"మూడంతస్తులు మోసుకొచ్చావు, సంతోషం. దిగేటప్పుడు నీ సలహా కూడా మోసుకుపో."

అతను మెట్లు దిగాడు.

ఆ బూడిదరంగుదానితో ఆవిడకి నిజంగానే ప్రాణం విసిగిపోయింది. ఏడాది కింద, దిక్కులేని పిల్లుల్ని ఉంచే షెల్టర్ నుంచి తెచ్చుకుంది. ఒక్కరోజూ ఒళ్లోకి రాలేదు. పైగా రెండు నెలలుగా డబ్బా మానేసి, కుట్టడానికిచ్చిన బట్టల మీద పోస్తోంది. ఎర్రపిల్లి ఇంట్లోకి వచ్చీ రెండు నెలలే. ఆ రెంటికీ సంబంధం ఉండొచ్చని ఆవిడకి తట్టనే లేదు. ఆ వాసన ఓ పట్టాన వదలదు. ఏళ్ల తరబడి కుట్టించుకునేవాళ్లు ఇద్దరు అప్పుడే వేరే చోటు చూసుకున్నారు. ఇంకొకరు పోతే మిషన్ మూసుకోవలసిందే.

మరుసటి వారం అతను బస్తాతోపాటు ఒక ప్లాస్టిక్ టబ్బు తెచ్చాడు. పిల్లి సులువుగా దిగేలా ఒకవైపు కిందికి కోసి ఉంది.

"నేనే కోసి తెచ్చానమ్మా. డబ్బులొద్దు. కిటికీ కింద పెడితే..."

"ఊరికే ఇచ్చేవాళ్లంటే నాకు భయం. తీసుకుపో."

అంటూనే చూసింది. పగలల్లా మంచం కిందే ఉండే బూడిదరంగుది అతని కాళ్ల చుట్టూ తిరుగుతోంది. ఆవిడ కడుపు మండిపోయింది.

"జేబులో చేపముక్కలు పెట్టుకొచ్చావా? నా పిల్లిని మచ్చిక చేసుకుంటున్నావా?"

"లేదమ్మా."

"మరి నా దగ్గరికి రానిది నీ దగ్గరికెలా వస్తుంది?"

అతను వంగి దాని చెవి వెనక నిమిరాడు.

ఆ పై వారం అతను వచ్చేసరికి ఇల్లంతా రచ్చ. పెళ్లికూతురి తెల్ల గౌను తడిసిపోయింది. పిల్లులమ్మ ఒక చేత్తో బూడిదరంగుదాని మెడ పట్టుకుంది. రెండో చేతిలో కొలబద్ద లేచింది.

"కొట్టకండమ్మా! దానిది కక్ష కాదు, భయం."

బస్తా గుమ్మంలోనే పడేసి, లోపలికొచ్చి పిల్లిని ఆవిడ చేతిలోంచి తీసుకున్నాడు. ఆవిడ ఒంటికాలి మీద లేచింది.

"నా ఇంట్లోకొచ్చి నా చేతిలోంచే లాక్కుంటావా? బయటికి నడు!"

అతను వీధిలోకి దిగేలోపే షాపుకి ఫోన్ వెళ్లింది.

"మీ మనిషి గదుల్లోకి జొరబడుతున్నాడు. నా పిల్లి మీద కన్నేశాడు. ఇంకోసారి ఈ మెట్లెక్కాడా, మీ ఇసుకా వద్దు, మీరూ వద్దు."

షాపాయన అతన్ని ఒక్క ముక్క కూడా అడగలేదు. ఆ రోజే పనిలోంచి తీసేశాడు. ఆ మర్నాడు బూడిదరంగుది బుట్టలో కూర్చుని షెల్టర్‌కి తిరిగి వెళ్లింది.

"పీడ వదిలింది" అనుకుంది పిల్లులమ్మ.

పదిరోజులు తిరక్కుండా బట్టల కుప్ప మళ్లీ తడిసింది.

ఈసారి తిట్టడానికి బూడిదరంగుది లేదు. ఆవిడ మిషన్ ఆపి, స్టూలు లాక్కుని, పొద్దంతా చూస్తూ కూర్చుంది. ఎర్రపిల్లి స్నానాలగది గుమ్మానికి అడ్డంగా పడుకుంది. మచ్చల పిల్లి వచ్చింది, దాన్ని చూసి వెనక్కి తగ్గింది. మళ్లీ వచ్చింది, మళ్లీ తగ్గింది. మూడోసారి తిన్నగా బట్టల మీదికి నడిచింది.

పిల్లులమ్మ లేచి, ఒక డబ్బా తెచ్చి ముందుగది కిటికీ కింద పెట్టింది.

వారం గడిచింది. చుక్క కూడా బయట పడలేదు.

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. ఇంత చిన్నపనికి ఒళ్లు వంగక ఒక ప్రాణిని గెంటేసింది. ఆ మనిషి చెబుతూనే ఉన్నాడు, వింటేగా! బుట్ట పట్టుకుని షెల్టర్‌కి పరిగెత్తింది.

రిజిస్టర్ రాసే అమ్మాయి తలెత్తింది.

"బూడిదరంగుదా? పోయిందండీ. తిండి ముట్టలేదు. తొమ్మిదో రోజున పోయింది."

పిల్లులమ్మ బుట్ట కింద పెట్టింది. "దాన్ని తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదా?"

"వెనక్కొచ్చిన పిల్లి కోసం ముందు పాత యజమానికే ఫోన్ చేస్తాం. పరిగెత్తుకుంటూ వచ్చాడు పాపం. పిల్లుల్ని ఒప్పుకునే గది కూడా దొరికిందన్నాడు. కానీ పని చేస్తున్నట్టు కాగితం లేనిదే ఇవ్వకూడదు, మా రూలు. ఆయనకి సరిగ్గా ముందురోజే పని పోయిందట. ఎందుకు పోయిందని అడిగితే చెప్పలేదు. రోజూ వచ్చి బోను పక్కన కూర్చునేవాడు."

తన తప్పులో సగం మోయడానికి ఇంకో మనిషి దొరికినట్టయింది పిల్లులమ్మకి.

"అంత ప్రేమున్నవాడు అసలెందుకు వదిలేశాడు?" విసురుగా అడిగింది.

"ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు ఒప్పుకోలేదండీ. ఏడుస్తూ ఇచ్చి వెళ్లాడు. ఎవరికిచ్చామో మేం చెప్పకూడదు. ఎలా కనుక్కున్నాడో గానీ, వారానికోసారైనా దాన్ని చూసుకోవచ్చని, మీ ఇంటికి ఇసుక బస్తాలు మోసే పనిలో చేరాడటండీ."