తొట్టి అడుగున నల్లరాయి

ఆ ముసలావిడ లూమిర్ బల్లమీదున్న చేపల తొట్టిలో చెయ్యి పెట్టి, అడుగున పరిచిన నల్లటి రాతిపలుకులు పిడికెడు పైకి తీసింది.

ఓస్త్రావా పట్నంలో ఆదివారం పెంపుడు చేపల సంత. అక్కడ పరాయి తొట్టిలో చెయ్యి పెట్టడమంటే పరాయివాడి జేబులో చెయ్యి పెట్టడమే.

"ఏమిటమ్మా ఆ పని?" అన్నాడు లూమిర్.

ఆవిడ రెండు పలుకులు నోట్లో వేసుకుంది. నాలుకతో అటూ ఇటూ తిప్పి, చేతిరుమాల్లోకి ఊసింది.

"గుచ్చుకుంటోంది బాబూ. ఇవి మట్టి తినే చేపలు. అడుగున ఉన్నది నోటినిండా తీసుకుని, జల్లించుకుని, మొప్పల్లోంచి వదిలేస్తాయి. వీటికి సన్నటి ఏటి ఇసుక వెయ్యాలి."

"నల్లరాయి మీద చేప రంగు ఎలా మెరుస్తోందో చూశారా?"

"చూసేది మనం. తినేది అది."

పక్క బల్లలవాళ్లు నవ్వారు.

లూమిర్‌కి ఒళ్లు మండింది. నిజానికి పొద్దుట్నుంచీ మండుతూనే ఉంది. ఎదురుగా రాడిమ్ బల్ల. ఆరేళ్లుగా ఇక్కడి చేపల పోటీలో మొదటి బహుమతి రాడిమ్‌దే. ఏటా అతని తొట్టిలో బోలెడు చేపపిల్లలు. లూమిర్ పెంచే జంట ఒక్కసారి కూడా గుడ్లు పెట్టలేదు.

రాడిమ్ నవ్వితే లూమిర్‌కి కడుపుమంట. నవ్వకపోతే పొగరనిపించి ఇంకా మంట. రాడిమ్ తొట్టిలో ఉన్నది మామూలు ఇసుకే. అది జనం కళ్లు కప్పడానికేనని తేల్చుకుని, లూమిర్ తన తొట్టికి పత్రిక అట్టమీద చూసిన నల్లరాయి తెప్పించాడు.

"ఎక్కడ నేర్చుకున్నారు ఇవన్నీ?" అని వెటకారంగా అడిగాడు.

ఆవిడ ఎదురు బల్లవైపు చూసింది. రాడిమ్ చెయ్యి ఊపాడు.

అంతే, లూమిర్‌కి అంతా అర్థమైపోయినట్టనిపించింది.

"అతను పంపాడా? నలుగురిలో నన్ను నవ్వులపాలు చెయ్యమని?"

"లేదు నాయనా. నీ గురించి చెప్పాడంతే. మీ ఇంట్లో ఎన్ని తొట్లున్నాయి?"

"మీకెందుకు?"

"ఓసారి మా ఇంటికి కాఫీకి రాకూడదూ? ఇసుక ఎలా కడగాలో చూపిస్తాను."

"నాకు పాఠాలక్కర్లేదమ్మా. కాస్త జరగండి, కొనేవాళ్లు నిలబడ్డారు."

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. చేతిరుమాలు మడుచుకుని వెళ్లిపోయింది.

మూడు వారాలకు లూమిర్ ఆడచేప మేత మానేసింది. ఒకవైపు మొప్ప వాచింది. మందు వేసేలోపే చచ్చిపోయింది. మొప్ప ఎత్తి చూస్తే లోపల నల్ల పలుకు ఇరుక్కుని ఉంది.

"వెళ్లి రాడిమ్‌నే అడుగు. అడిగితే నీ సొమ్మేం పోదు," అంది భార్య ద్రాహా.

ఆదివారం లూమిర్ సంతకి వెళ్లాడు. రాడిమ్ బల్లమీద తొట్టి లేదు. అతను ఆవముద్ద అద్దుకుని సాసేజ్ తింటున్నాడు.

"ఏ ఇసుక వాడతావు?" అడిగాడు లూమిర్.

"నాకేం తెలుసు?"

"ఇంకా దాస్తావా? నా చేప చచ్చిపోయింది రాడిమ్. ఆరేళ్లుగా నిన్ను చూసి కుళ్లుకుంటున్నాను. అది చాలదా?"

రాడిమ్ సాసేజ్ కింద పెట్టాడు.

"నన్ను చూసా? అవి మా పై అంతస్తులో ఉండే వ్లాస్తా గారి చేపలయ్యా. చేపలు పెంచేవాళ్ల సంఘంలో సభ్యులైతేనే పోటీకి రానిస్తారు. ఆవిడకి మీటింగులంటే పడదు. అందుకని నా పేరు మీద పెడుతుంది. నేను తొట్టి మోస్తానంతే."

"ఏ వ్లాస్తా?"

"మొన్నామధ్య నీ రాళ్లు నోట్లో వేసుకుందే, ఆవిడ."

లూమిర్ కోటు బొత్తాలు పెట్టుకున్నాడు.

"కాఫీకి వస్తానని చెప్పు ఆవిడకి. ఇవాళే వస్తాను."

"గురువారం వృద్ధాశ్రమానికి వెళ్లిపోయింది. అక్కడ తొట్లు పెట్టనివ్వరు. చేపలన్నీ బ్ర్నో ఊరి నుంచి ఎవరో వచ్చి పట్టుకెళ్లారు."

"నాకొక్క మాట చెప్పాల్సింది కదా."

"నేను చెప్తానంటే ఆవిడే వద్దంది. నీ అంత చేపల పిచ్చి ఉన్నవాడు ఈ సంతలో లేడని నేనే చెప్పాను లూమిర్. ఆ రోజు ఆవిడ నీ దగ్గరికి వచ్చింది తన చేపలన్నీ నీకు ఇచ్చెయ్యడానికి."