వాగ్దానం చీటీ

"గిరిగాడి కాలరు పట్టుకొని స్టేజీ మీదికి లాగుతా. అందరి ముందర ఒప్పిస్తా."

ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు స్టీఫెన్. అన్నాక దగ్గాడు. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు కోత మిషను దగ్గర నిలబడి తెచ్చుకున్న దగ్గు. ఒక పట్టాన ఆగదు.

కృపారాణి మందుబిళ్లలు పొట్లం కట్టి, ఏది ఎప్పుడు వేసుకోవాలో చీటీ రాసింది. ఏ కాగితం రాసినా ముందు పైన చిన్న సిలువ గీసి, దాని చుట్టూ సున్నా చుట్టడం ఆమెకు అలవాటు. పచారీ సామాన్ల జాబితాకైనా అంతే. చీటీ మడిచి మొగుడి జేబులో పెట్టింది.

"ముప్పై ఏడేళ్ల కిందటి మాట. ఇంకా ఏందయ్యా దాన్ని తవ్వేది?"

"నువ్వూ ఆ బ్యాచేగా. రా, నీ కళ్లతో చూద్దువు."

"నా మోకాళ్లు రానిస్తే గదా!" నవ్వింది. "అయినా నువ్వు పాసై గుంటూరు పోయుంటే ఇంజనీరువై తిరిగేటోడివి. నన్ను చేసుకునేటోడివా?"

ఆ మాటకు ఎప్పటిలాగే మెత్తబడ్డాడు స్టీఫెన్. ఆ పాడు రోజు తనకు మిగిల్చిన మేలు ఇదొక్కటే.

హైస్కూలు గేటు దగ్గర ఆటో దిగేసరికే మైకు మోగుతోంది. బడికి డెబ్బై ఐదేళ్లు నిండిన పండగ. షామియానా కింద ఎనభై ఎనిమిది టెన్త్ బ్యాచి ఒక మూల చేరింది.

"ఏందిరా వెంకటేశ్వర్లూ, ఆ గుండు తిరపతిదా, సొంతదా?"

"సొంతదే మామా. నీ పొట్ట మాదిరే!"

అందరూ నవ్వారు. స్టీఫెన్ నవ్వలేదు. అతని కళ్లు గిరిధర్‌ని వెతుకుతున్నాయి. గిరిధర్‌కి పొదిలిలో బట్టల దుకాణం. ఈ పండగ కమిటీకి పెద్ద. ఇన్నేళ్లలో ఆ దుకాణంలో స్టీఫెన్ తువ్వాలు ముక్క కూడా కొనలేదు.

టెన్త్‌లో ఆ రోజు సైన్సు పరీక్ష. క్లాసులో ఫస్టు స్టీఫెన్, సెకండు గిరిధర్. పరీక్ష సగంలో ఉండగా స్క్వాడు వచ్చింది. అటూ ఇటూ చూడలేదు. నేరుగా స్టీఫెన్ బల్ల దగ్గరికే వచ్చింది.

"జేబులో ఏంది?"

"వాగ్దానం చీటీ సార్."

పరీక్షకు పోయేవాళ్లకు ఆడపిల్లలు బైబిలు వాక్యం ఒకటి రాసి, మడిచి ఇవ్వడం వాళ్ల చర్చిలో ఆనవాయితీ. పరీక్ష అయ్యాకే విప్పాలి. ముందే విప్పితే ఫలించదంటారు. స్టీఫెన్ విప్పలేదు. స్క్వాడు ఆయన విప్పాడు.

"ఓం నియమం కూడా బైబిల్లో ఉందారా?" అంటూ చెంప పగలగొట్టాడు.

రెండేళ్లు డిబార్. చదువు అక్కడే ఆగింది. ఊరి పిల్లలు రాసుకునే పలకలు కోయడంలో మిగతా బతుకు గడిచింది.

ఆ పొద్దున గేటు దగ్గర స్టీఫెన్ జేబులోంచి పెన్ను లాగి, గీసి చూసి, మళ్లీ పెట్టినవాడు గిరిధర్. చీటీ మార్చడం ఇంకెవడికి కుదురుతుంది? ఆ ఏడు స్కూలు ఫస్టు కూడా గిరిధరే.

"ఒరే స్టీఫెనూ!" వెనక నుంచి పిలుపు. గిరిధర్. "ఈ జన్మకు నాతో మాట్లాడవా?"

"మాట్లాడేకే వచ్చినా. మైకు ముందర."

"మైకు యాడికీ పోదు. ముందు నువ్వు ఇట్ల రా."

చేయి పట్టి సైన్సు గదిలోకి తీసుకుపోయాడు. బడి చరిత్ర అంతా అక్కడ పరిచి ఉంది. తొలి బ్యాచి ఫొటో, గంటగా కొట్టిన రైలు పట్టా ముక్క, హెడ్మాస్టర్ల జాబితా. గిరిధర్ బీరువా తెరిచి అట్ట చిరిగిన పుస్తకం ఒకటి తీశాడు.

"సావనీరు కోసం పాత కాగితాలన్నీ దులిపిచ్చినా. హెడ్మాస్టరు లాగ్‌బుక్కు ఇది. ఎవరికీ చూపీలే. చదువుకో. తర్వాత కొడతావో తిడతావో నీ ఇష్టం."

స్టీఫెన్ చదివాడు.

"తొమ్మిదిన్నరకు ఒక విద్యార్థిని నా గదికి వచ్చి, స్టీఫెన్ జేబులో కాపీ చీటీ ఉన్నదని తెలిపినది. స్క్వాడు వారికి తెలియజేసితిని. ఆమె ప్రాధేయపడినందున పేరు రాయుట లేదు."

విద్యార్థిని. ఇంకోసారి చదివాడు. అక్షరాలు మారలేదు.

"నేను ముట్టింది నీ పెన్నేరా," అన్నాడు గిరిధర్. "చెబితే విన్నావా ఏనాడన్నా?"

స్టీఫెన్‌కి దగ్గు తెర ముంచుకొచ్చింది. బిళ్ల కోసం జేబులో చేయి పెడితే, పొట్లంతో పాటు కృపారాణి రాసిన చీటీ కూడా వచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టాడు.

లాగ్‌బుక్కు పేజీకి గుండుసూదితో గుచ్చి ఉంది ఆ పాత చీటీ. పసుపుబారింది. స్క్వాడు ఆయన ఆ రోజు దాన్ని అతనికి చూపించనైనా లేదు. తుప్పు పట్టిన సూది మెల్లగా లాగి, ముప్పై ఏడేళ్ల తర్వాత తన వాగ్దానాన్ని తన చేత్తో విప్పాడు స్టీఫెన్.

ఓం నియమం నాలుగు లైన్లలో పొందికగా రాసి ఉంది; దానికి పైన చిన్న సిలువ, సిలువ చుట్టూ సున్నా.