బండికి మలబద్ధకం

"నిజం చెప్పు దస్తగిరీ. ఏసీ ఏసుకొని బండిల పంటున్నవా, లేదా?"

హన్మాండ్లు బండి కింద నుంచే అడిగాడు.

"మాయమ్మ తోడన్నా, నేను పండుకోలే!"

"మరి ఇంజను ఎవలు నడిపిచ్చిండ్రు? జిన్ను భూతమా?"

సౌదీలోని హుఫూఫ్‌లో మెకానిక్ షెడ్లన్నీ ఒకచోటే ఉంటాయి. జగిత్యాల హన్మాండ్లు షెడ్డు చిట్టచివర. కడప దస్తగిరి అరబ్బుల ఇంట్లో డ్రైవరు. పొద్దున పెద్ద మామాను ఆస్పత్రికి తీసుకెళ్ళి వస్తుంటే బండి మొండికేసింది. ఎంత తొక్కినా ఒంటె నడకే. పైగా అద్దం కింద పసుపు దీపం.

పెద్ద మామా అంటే యజమాని తల్లి. యజమానిని ఇక్కడ కఫీల్ అంటారు. ఆమె షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ మీద మహారాణిలా కూర్చుని ఖర్జూరాలు నములుతోంది. పనిమనిషి గురవమ్మ ఫ్యాను ఆమె వైపు తిప్పుతోంది.

హన్మాండ్లు బయటికొచ్చి పొగగొట్టం వెనక అరచెయ్యి పెట్టాడు.

"తొక్కు... ఇంకా తొక్కు. ఛత్! ముసలోని ఊపిరి నయం."

పొగ ఒత్తిడి కొలిచే సెన్సారుకు పోయే రబ్బరు గొట్టాలు రెండూ ఊడబీకి ఊదాడు. చిరగలేదు, మూసుకుపోలేదు. మళ్ళీ బిగించి స్కానరు తగిలించాడు. అంకెలు చూసి నాలుక చప్పరించాడు.

"సెన్సారు అబద్ధమాడుతలేదు. డీజిలు బండికి పొగగొట్టంల జల్లెడ ఉంటది. మసిని పట్టుకుంటది. బండి దూరం ఉరికితే ఆ వేడికి మసి కాలిపోతది. ఉరకకుంట నిలబడి నడిస్తే పేరుకుంటది. సీదా చెప్పాల్నంటే, మలబద్ధకం."

గురవమ్మ కిసుక్కున నవ్వి ఆ ముక్క పెద్ద మామాకు అరబ్బీలో చెప్పింది. ముసలామె పొట్ట కదిలేలా నవ్వింది.

"పాపం, దీన్నీ ఇంట్లోనే కూర్చోబెట్టారా?"

హన్మాండ్లుకు నవ్వు రాలేదు. దస్తగిరిని పక్కకు లాగాడు.

"ఇగో చూడు. సర్వీసైనంక తిరిగిన కిలోమీటర్లు పిట్టంత. ఇంజను నడిచిన గంటలు ఏనుగంత. ఇది తోలిన బండి కాదు, నిలబెట్టి నడిపిన బండి. మీ కఫీల్ అడిగితే నేనేం చెప్పాలె?"

పోయినసారి ఇలాగే అయినప్పుడు కఫీల్ దస్తగిరికి స్పష్టంగా చెప్పాడు, ఇంకోసారి జరిగితే ఎగ్జిట్ కొట్టి ఇండియాకు పంపిస్తానని. ఊళ్ళో కట్టిన గోడల మీద ఇంకా స్లాబు పడలేదు.

"తాళాలు రాత్రి ఎవలి తాన ఉంటయి?"

"హాల్లో మేకుకు తగిలిస్తానన్నా. యెవురైనా తీసుకోవచ్చు."

అంటూనే అతని చూపు గురవమ్మ మీదికి పోయింది. దగ్గరికెళ్ళి గొంతు తగ్గించాడు.

"అక్కా, రేత్రిపూట నువ్వుగాని ఫోను మాట్లాడుకునేదానికి బండిలో..."

"థూ! నా మొగుడు సచ్చి యెన్నేండ్లాయ. అర్ధరేత్రి యెవురితో మాట్లాడాల్రా, నీ తాతతోనా?"

తిట్టింది గానీ, వెంటనే మొహం తిప్పేసుకుంది. దస్తగిరికి అర్థమైపోయింది. ఆమె పేరు చెప్తే తన ఉద్యోగం నిలబడుతుంది, ఆమెది పోతుంది. ఆమెకూ ఊళ్ళో తినే నోళ్ళున్నాయి. నోరు మూసుకున్నాడు.

ఫోను మోగింది. కఫీల్. స్పీకరు పెట్టమన్నాడు.

"మెకానిక్! నా డ్రైవరు ఇంజను ఆపకుండా బండిలో నిద్రపోయాడా? అవునా, కాదా? అంతే చెప్పు."

హన్మాండ్లు దస్తగిరి మొహం చూశాడు. దస్తగిరి నేల చూశాడు.

ఈలోగా గాజుల చెయ్యి ఒకటి వచ్చి ఫోను లాక్కుంది.

"ఒరేయ్, బండికి పొట్ట బాగోకపోతే డ్రైవరును పంపేస్తావా?" పెద్ద మామా గొంతు షెడ్డంతా మోగింది. "చిన్నప్పుడు నీకు వారం రోజులు బిగుసుకుపోతే నేను ఏ నౌకరును పంపేశానురా?"

"అమ్మా, స్పీకరులో..."

"విననీ! ఏయ్ మెకానిక్, దీనికి మందేమిటి?"

హన్మాండ్లు తన వచ్చీరాని అరబ్బీలో చెప్పాడు. జల్లెడ ఇంకా పూర్తిగా పూడలేదు. ఖోబర్ రోడ్డెక్కి, గేరు తగ్గించి, ఇంజను గట్టిగా తిరిగేలా ఆగకుండా తోలాలి. సముద్రం దాకా పోయొస్తే మసి బూడిదవుతుంది.

"విన్నావుగా? నేనూ వెళ్తాను."

"ఈ ఎండలో నువ్వెందుకమ్మా? డాక్టరు ఇల్లు కదలొద్దన్నాడు..."

"డ్రైవరు మీద నమ్మకం లేనిది నీకేగా? దగ్గరుండి నేను చూసుకుంటా."

ఫోను పెట్టేసి గురవమ్మ చేతికి ఖర్జూరపు గింజలిచ్చి, వెళ్ళి బండిలో కూర్చుంది.

రెండు పక్కలా ఇసుక. మధ్యలో ఇంజను హోరు. వెనక సీట్లో ఆడవాళ్ళిద్దరూ ఏవో గుసగుసలు. ఖోబర్ ఇంకాస్త దూరముందనగా పసుపు దీపం ఆరిపోయింది. తొక్కితే బండి దూకింది. దస్తగిరికి కళ్ళు చెమర్చాయి.

"పెద్ద మామా వలీ అక్కా, దేవుడి మనిసి! ఊరికి పోతానే దర్గాలో ఆమె పేరున చాదర్ కప్పుతా. నువ్వూ భయపడొద్దు. బండి సంగతి నేను యెవురికీ చెప్పను."

"నా సంగతి ఏముందిరా చెప్పేదానికి?" అంది గురవమ్మ.

బుకాయిస్తోందనుకున్నాడు దస్తగిరి. సముద్రం ఎదురుగా బండి ఆపి, ఐస్‌క్రీములు తెస్తానని దిగాడు. పెద్ద మామా అద్దం దించింది. ఉప్పుగాలికి ముసుగు ఎగిరిపోతున్నా సర్దుకోలేదు. నీళ్ళకేసి చాలాసేపు చూసి, గురవమ్మ వైపు వంగి మెల్లగా అడిగింది.

"మళ్ళీ మూసుకుపోవాలంటే నేను ఇంకెన్ని రాత్రులు ఇంజను నడపాలే?"