గుప్పెడు ఇనుము

కాకినాడలో ఒక ఆస్పత్రి క్యాజువాలిటీ. ఎనిమిదేళ్ళ లాస్యకు ఫిట్స్ మొదలై పది నిమిషాలైనా ఆగలేదు. మంచానికి పైన వేలాడే యంత్రాన్ని అందరూ డాక్టరమ్మ అంటారు. అది మొదటి మందు ఎక్కించి, రెండోదానికి నిమిషాలు లెక్కపెడుతోంది.

"మావయ్యగారూ, పిల్ల చేతిలో తాళాలగుత్తి పెట్టండి!" అని ఏడ్చింది లాస్య తల్లి, సీతాపతిగారి కోడలు వారిజ.

ముఖం చూసి తలుపులు తెరుచుకునే రోజుల్లో తాళాలెక్కడివి? ముప్పై ఏళ్ళు ఫిజిక్సు చెప్పిన సీతాపతిగారు, ఇనుముతో ఫిట్స్ తగ్గవని తెలిసి కూడా వార్డంతా వెతికారు. అంతా ప్లాస్టిక్కే. చివరికి, భార్య పోయాక చిక్కిన నడుముకి బిగించుకున్న పాత బెల్టు ఊడదీసి, దాని ఇనప బకిల్ మనవరాలి గుప్పిట్లో పెట్టబోయారు.

"పెట్టండి మాస్టారూ, నాకేం అడ్డు కాదు. నోట్లో మాత్రం ఏమీ పెట్టకండి," అంటూ డాక్టరమ్మ రెండో మందు ఎక్కించింది. తనను వెక్కిరించనందుకే ఆయన కళ్ళు చెమర్చాయి.

కుదుపులు ఆగాయి. చాలాసేపటికి లాస్య కళ్ళు తెరిచింది.

"ఎవరు కనిపిస్తున్నారమ్మా?" అడిగింది డాక్టరమ్మ.

"తాతయ్య... ప్యాంటు జారిపోతోంది."

"స్పృహ బాగానే వచ్చింది."

సీతాపతిగారు ఆనందం పట్టలేక రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. పెట్టాక గానీ, ఒక చెయ్యి కిందే ఉండాల్సిందని గుర్తు రాలేదు.