హల్కా పనికి పానాల సెట్టు

కాగజ్‌నగర్‌ ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ సాంకేతిక కారణాల వల్ల నిలిచిపోయిన సమయానికి, హార్డ్‌వేర్ దుకాణదారు సంతోష్‌రావు కూర్చున్న పెట్టె అన్నింటికన్నా పైన ఉంది. ప్రయాణికులు ప్రశాంతంగా ఉండవలసిందిగా మైకు కోరింది. ఆయన ఆ విజ్ఞప్తిని పాటించకుండా కిందికి చూసి కేక పెట్టారు.

"పరేషాన్ గాకుండ్రి సేటూ!" కింద స్తంభం దగ్గర కూర్చున్న మెకానిక్ బెంజమిన్ అరిచాడు. "అడుగున నట్టు వదులైంది, బిగిస్తున్న. హల్కా పనే, తేలికగైతది!"

స్తంభం కిర్రుమంది. పెట్టె పక్కకు ఒరిగింది. సంతోష్‌రావు కమ్మీని రెండు చేతులతోనూ గడ్డంతోనూ పట్టుకున్నారు.

"పానా మంచిదేనా తమ్మీ?"

"కొత్తదే! పొద్దుగాల మీ దుకాన్లనే కొన్న. ఒక కొసకు నోరు, ఒక కొసకు రింగు. 'హల్కా పనికి గీ సెట్టు చాలు, గ్యారంటీ' అని మీరే ఇస్తిరి గద!"

సదరు గ్యారంటీ పరిధిలోకి మనుషులు కూడా వస్తారా అన్న అంశాన్ని సంతోష్‌రావు అంతవరకు పరిశీలించి ఉండలేదు.

"నోటితోని తిప్పకు! రింగు దిక్కు పెట్టు తమ్మీ, నీ కాళ్లు మొక్కుత!"

"రింగు ఎప్పుడో పలిగింది సేటూ. గిప్పుడు నోరు గూడ విచ్చుకపోయింది. జర ఆగుండ్రి, మీ దుకాన్ల ఇంకోటి తెస్త. ఏ సెట్టు మంచిది?"

చక్రం మరికొంత వంగింది. ఇదే ప్రశ్నకు ఇన్నేళ్లుగా ప్రతి కొనుగోలుదారుకూ ఒకే సమాధానం ఇస్తూ వచ్చిన సంతోష్‌రావు, ప్రజాప్రయోజనాల దృష్ట్యా దానిని సవరించారు.

"మా దుకాన్ల వద్దు తమ్మీ! ఎదురు దుకాన్ల కొను! ఉరుకు!"