మంచం కింద సత్తు బేసిన్

"రక్తనాళాన్ని బిగించి పట్టి కోశామమ్మా. కాలేయంలో గడ్డ తీసినా అర గ్లాసు రక్తం కూడా పోలేదు. ఈ రాత్రికి పొట్టలోంచి గొట్టం వేసి పక్కన తగిలించిన సంచి ఎర్రబడకపోతే గండం గడిచినట్టే," అన్నాడు నరసరావుపేట డాక్టరు. తమ్ముడు ప్రసన్న మంచం పక్కనే కాపలా కూర్చుంది సామ్రాజ్యం.

వార్డు సద్దుమణిగాక టప్‌మని చుక్క పడ్డ చప్పుడైంది. సంచి ఎర్రబడలేదు. వంగి చూస్తే మంచం కింద సత్తు బేసిన్. తమ ఊరు బొల్లాపల్లిలో మేకపోతును కోసేటప్పుడు నెత్తురు పట్టడానికి పెడతారే, అచ్చం అట్టాంటిది.

"ఇదేందమ్మా ఇక్కడ?" నర్సు ఇష్రత్‌ని అడిగింది.

"మా వార్డులో అట్టాంటివి వాడం పెద్దమ్మా."

దాన్ని తీసుకెళ్లి వరండా చివర పడేసి వచ్చింది సామ్రాజ్యం. వచ్చేసరికి అది మళ్లీ మంచం కిందే ఉంది, సరిగ్గా ప్రసన్న పొట్ట కింద. సంచిలోకి సన్నటి ఎర్ర చార దిగుతోంది.

ఆమెకు ఒళ్లు మండింది. బేసిన్‌ను ఇవతలికి లాగి, బోర్లించి, దానిమీద కూర్చుంది. చార ఆగింది. కాసేపటికి కింద నుంచి గోళ్లతో గీరుతున్న చప్పుడు మొదలైంది.

"గీరు," అంది, కొంగు నడుముకు దోపుకుంటూ. "తెల్లారిందాకా గీరు. వాడి నెత్తురు చుక్క కూడా నీకు దక్కనియ్యను."

బేసిన్ ఆమెతో సహా అంగుళం పైకి లేచింది.

సామ్రాజ్యం మడమలు నేలకు తన్నిపెట్టి, ఇంకాస్త బరువుగా కూర్చుంది.